పోశెట్టి పడవ

ఎన్నో ఏళ్లుగా ఒక మాట నా గొంతులో అడ్డంగా ఉండిపోయింది. అన్నం తింటున్నప్పుడు అక్కడే ఉంటుంది. మనవరాలిని భుజాన వేసుకుని జోకొడుతున్నప్పుడు అక్కడే ఉంటుంది. నేను భయస్తుడినని మా ఇంట్లో అందరికీ తెలుసు. ఎందుకు భయపడతానో ఎవరికీ తెలియదు. ఫోన్ మోగితే ఉలిక్కిపడతాను. గేటు చప్పుడైతే లేచి నిలబడతాను. బీపీ అంటుంది నా భార్య. నిజామాబాద్‌లో డాక్టరుకు చూపించింది. ఆయనా బీపీ అనే అన్నాడు, మాత్రలు రాసిచ్చాడు.

మాత్రలు వేసుకుంటున్నాను. భయం తగ్గలేదు.

మీరెవరో నాకు తెలియదు. నా పేరు మీకు చెప్పను. చెప్పకపోవడం కూడా భయమే, ఒప్పుకుంటాను. కానీ మిగతాదంతా చెబుతాను. ఒకటి దాచి ఒకటి చెప్పే అలవాటుతోనే ఇంత దూరం వచ్చాను.

మాది బోధన్ దాటాక గోదావరి ఒడ్డున ఉండిన ఊరు. కింద ప్రాజెక్టు కట్టినప్పుడు నీళ్లు వెనక్కి ఎక్కి పాత ఊరు మునిగింది. ఊరిని ఎత్తు మీదికి తెచ్చారు. అప్పటికి నేను నడక నేర్చిన పిల్లవాడిని. పాత ఊళ్లో బతికిన జ్ఞాపకం నాకు లేదు, అయినా ఎండాకాలం వచ్చిందంటే దాన్ని చూస్తూనే పెరిగాను. నీళ్లు తగ్గితే ముందు చావడి గోడ తేలుతుంది. తర్వాత బావి గట్టు. బాగా కరువు పడ్డ ఏడు మాత్రమే రేవు మెట్లు చివరిదాకా బయటపడతాయి. మా దిక్కు రైతులంతా వానలు పడాలని, ప్రాజెక్టు నిండాలని మొక్కుతారు. వాళ్ల పక్కన నిలబడి నేనూ మొక్కుతాను. వాళ్లు పంట కోసం మొక్కుతారు. నేను ఆ రేవు మళ్లీ తేలకూడదని మొక్కుతాను.

రేవు పక్కన ఒండ్రులో ఒక పడవ ఉండేది. దాన్ని నేను లేకుండా చేశాను.

ఇదిగో, చెప్పేశాను. కాసేపు ఆగి రాస్తున్నాను.

ఆ పడవ కథ మా ఊళ్లో అందరికీ తెలుసు. అంటే, మా తాత చెప్పినంత తెలుసు. ప్రాజెక్టుకు చాలా ముందు, నిజాం కాలంలో, మా రేవు నుంచి అవతలి ఒడ్డుకు పోశెట్టి అనే ఆయన పడవ నడిపేవాడు. అవతల మరాఠీ మాట్లాడే ఊళ్లు, పెద్ద సంత. ఒక వానాకాలం, ముసురు పట్టి ఎదుటి మనిషి కనపడని సాయంత్రం, సంత నుంచి జనంతో తిరిగి వస్తున్న పడవ ఒడ్డు చేరబోతూ మునిగింది. నది మంచి పోటు మీద ఉంది. బతికి ఒడ్డెక్కింది మా తాత ఒక్కడే. మిగతావాళ్ల శవాలు ఒక్కొక్కటిగా కింది ఊళ్ల దగ్గర దొరికాయి. పోశెట్టి శవం మాత్రం దొరకలేదు, వరద ఒండ్రు కప్పేసిన పడవా దొరకలేదు.

తాత ఊరికి చెప్పింది ఇది. పోశెట్టి సంతలో బాగా తాగాడు. పడవ ఒరిగినప్పుడు అందరికంటే ముందు తనే దూకాడు. ప్రవాహంతో పోయి ఎక్కడో ఒడ్డెక్కి, మొహం చూపించలేక మరాఠీ ఊళ్లలోకి పారిపోయాడు.

ఊరు నమ్మింది. నమ్మక ఏం చేస్తుంది? చెప్పింది ఊరి పటేల్, మా తాత. కాదనడానికి ఇంకో మనిషి మిగల్లేదు.

పోశెట్టికి భార్య, చంటిబిడ్డ ఉన్నారు. బిడ్డ పేరు లస్మవ్వ. రేవు మీద పడవ నడిపే హక్కు వాళ్ల చేతిలోంచి పోయింది. ఆ తల్లీ బిడ్డలు కూలికి పోయి బతికారు, ఎక్కువగా మా పొలాల్లోనే. నా చిన్నప్పటికే లస్మవ్వ నడివయసు మనిషి. ఆమె నాట్లు వేస్తుంటే, పసుపు తవ్వుతుంటే, కూలీల్లో ఎవరికైనా ఆమె మీద కోపం వస్తే అనే మాట ఒకటే ఉండేది: జనాన్ని ముంచిపోయినోని బిడ్డ. ఆ మాట విని నేనూ నవ్వాను. చిన్నవాడిని కదా అని సర్దుకోవడానికి లేదు. పెద్దయ్యాక కూడా నవ్వాను.

ఇంకో సంగతి చెప్పాలి. ముంపు తప్పిన మా చేను గట్టున ఒక రాతి దిమ్మె ఉండేది. చెరకు గానుగ కోసం కట్టింది. ఆ రోజుల్లో మా దిక్కు అందరివీ కర్ర గానుగలే. ఇనుప గానుగ ఉండటం పెద్ద గొప్ప. దిమ్మె ఉంది, దాని మీద గానుగ ఎన్నడూ లేదు. ఎందుకని అడిగితే తాత “మనసు మారింది” అనేవాడు. అంతకు మించి ఒక్క మాట అనేవాడు కాదు. మేమూ అడగడం మానేశాం.

తాత పోయిన చాలా ఏళ్లకు ఆ పెద్ద కరువు వచ్చింది. మంజీర ఎండింది, గోదావరి ఎండింది, ప్రాజెక్టు అడుగు నెర్రెలిచ్చింది. రైతులందరూ ట్రాక్టర్లతో దిగి ఒండ్రు తోలుకుపోతున్నారు. పసుపు చేనుకు ఆ మట్టి చాలా బలం. నేనూ జేసీబీని కిరాయికి మాట్లాడాను. రేవు పక్కన ఒండ్రు మందంగా ఉంది, అక్కడ తవ్వించడం మొదలుపెట్టాను.

ఆ రోజుల్లోనే సుజాత మేడం వచ్చారు. నిజామాబాద్‌లో కాలేజీలో చరిత్ర పాఠం చెప్పేవారు. నీళ్లు తగ్గిన ప్రతి ఏడూ గొడుగు పట్టుకుని ఆ నెర్రెల మీద నడుస్తూ, మునిగిన మెట్లూ శిల్పాలూ శాసనాలూ ఫోటోలు తీసుకునేవారు, కొలుచుకునేవారు. ఒక్కటీ ఇంటికి తీసుకుపోయేవారు కాదు. మా ఊరివాళ్లకు అది వింతగా ఉండేది. జేసీబీని చూసి ఆమె మొహం మాడిపోయింది. అయినా కోప్పడలేదు.

“పటేల్ గారూ, మట్టి తీసుకోండి, మీ అవసరం మీది,” అన్నారు. “కానీ మట్టిలో ఏదన్నా తగిలితే ఆపేయండి. తీయొద్దు, కడగొద్దు, పక్కకు కూడా జరపొద్దు. నాకు ఫోన్ చేయండి. ఈ రేవుల ఒక పడవ మునిగిందంటరు కదా. అది ఉంటే ఎట్ల మునిగిందో అదే చెప్తది. ఏ బరువు ఎటు దిక్కు ఉంది, పలక ఎక్కడ ఇరిగింది, అన్నీ చూస్తే తెలుస్తది. ఒక్కసారి కదిలిస్తే మళ్లా ఎవ్వరూ చెప్పలేరు.”

సరేనన్నాను. నంబరు ఫోన్లో వేసుకున్నాను. మనస్ఫూర్తిగానే వేసుకున్నాను. అప్పటికి నా మనసులో ఏమీ లేదు.

రెండు మూడు రోజులు గడిచాయి. మిట్ట మధ్యాహ్నం. ఎండకు భయపడి ట్రాక్టర్లవాళ్లంతా ఇళ్లకు పోయారు. నేనూ, జేసీబీ నడిపే ఒడిశా అబ్బాయీ ఇద్దరమే ఉన్నాం. బకెట్ మట్టిలోకి దిగి పైకి లేస్తుంటే ఏదో పెళపెళమంది. నల్లటి పలకలు. బొగ్గులా నల్లగా, తడిగా, ఇంకా గట్టిగా ఉన్నాయి. నేను గుంటలోకి దిగాను. చేత్తో మట్టి తీస్తూ పోతే పడవ పక్కటెముకల్లాంటి వంపు కర్రలు ఒకదాని తర్వాత ఒకటి కనిపించాయి. నాకు సంతోషమే వేసింది. నిజం. చిన్నప్పటి నుంచి విన్న పడవ నా కాళ్ల కింద ఉంది. ఫోన్ కోసం జేబులో చేయి పెట్టాను కూడా.

అప్పుడు ఇనుము కనిపించింది.

పడవ వెనక భాగంలో, ఒక పక్కకు ఒరిగి, మూడు లావాటి ఇనుప రోలర్లు, వాటిని పట్టి ఉంచే చట్రం. చెరకు గానుగ. మనుషులు ఎక్కే పడవలో గానుగ ఏమిటి? దాని బరువుకు ఆ పక్క పలకలన్నీ కిందికి అణిగి, అంచు పగిలి ఉంది. తువ్వాలుతో చట్రాన్ని తుడిచాను. ఉలితో కొట్టిన అక్షరాలు తేలాయి. మా ఇంట్లో ఇత్తడి బిందెల మీద, గంగాళాల మీద ఉండే అక్షరాలే. మా తాత పేరు, ఇంటిపేరు.

ఆ ఎండలో నాకు చలి పుట్టింది.

గట్టు మీద దిమ్మె, “మనసు మారింది” అన్న తాత మాట, ఒక్కడే బతికి ఒడ్డెక్కడం, అన్నీ ఒక్కసారి నా మీద పడ్డాయి. సంతలో గానుగ కొన్నాడు. జనం నిండిన పడవలో దాన్ని ఎక్కించాడు. పోశెట్టి వద్దని ఉంటాడు, పోటు మీద ఉన్న నది, ఇంత ఇనుము మోయదు పటేలా అని ఉంటాడు. అన్నాడో లేదో నాకు తెలియదు. కానీ పడవ నడిపేవాడు ఆ మాట అనకుండా ఉంటాడా? మా తాత ముందు ఆ మాట నిలుస్తుందా?

ఇంకా మట్టి తీశాను. ఎందుకు తీశానో. రోలర్ల కింద, పలకకూ ఇనుముకూ మధ్య, ఎముకలున్నాయి. ఒక ఎముక చుట్టూ పచ్చబడిన రాగి కడెం ఉంది. శవం దొరకని మనిషి ఒక్కడే. ఆయన ఎక్కడికీ పారిపోలేదు. మా గానుగ కింద ఉన్నాడు.

నేను మొహం తిప్పుకున్నాను. ఆ తర్వాత ఇక అటు చూడలేదు.

డ్రైవర్ యంత్రం ఆపి దిగి వచ్చాడు. గుంటలోకి చూసి చెప్పులు విడిచాడు. “బర్రె బొక్కలు,” అన్నాను. అతనికి ఆ మాట అర్థమైంది. నా మొహం వైపు చూశాడు. యంత్రం ఎక్కమన్నాను. ఎక్కలేదు. తాళంచెవి నా చేతిలో పెట్టి, రేవు మెట్ల మీదికి పోయి, నాకూ ఆ గుంటకూ వీపు తిప్పి కూర్చున్నాడు.

ఫోన్ నా జేబులో ఉంది. మేడం పేరు దాకా పోయాను. వేలు ఆ పేరు మీద ఉంది. ఎంతసేపు అలా నిలబడ్డానో తెలియదు. అంతసేపూ నాకు వినపడుతున్నది ఊరి నోళ్లు. పటేల్ ముంచిండు. పటేల్ అబద్ధం ఆడిండు. వీళ్ల తాతనే. బస్సులో, బ్యాంకులో, మార్కెట్ యార్డులో పసుపు రాశుల మధ్య, నా కొడుకు పెళ్లి మాటల్లో. ఫోన్ జేబులో పెట్టుకున్నాను. తాళంచెవి తిప్పాను.

జేసీబీ నడపడం నాకు కొద్దిగా వచ్చు. ఆ కొద్ది సరిపోయింది. బకెట్‌ను ఎత్తి పడవ మీద వేశాను. మళ్లీ ఎత్తి మళ్లీ వేశాను. నీళ్ల కింద, మట్టి కింద, అన్ని వరదలకూ ఆగిన పడవ ఆ మధ్యాహ్నం ఆగలేదు. పలకలను మట్టిలో కలిపేశాను. రోలర్లకు గొలుసు కట్టి లాగి ట్రాలీలో వేసి, గోనె సంచులు కప్పి, నిజామాబాద్‌లో పాత ఇనుము దుకాణానికి పంపాను. చట్రాన్ని నా ఎదుటే ముక్కలు కోయించాను. అక్షరాలున్న ముక్కను మొదట కోయించాను. మట్టి అంతా నా పసుపు చేనుకే పోయింది. ఏ ట్రాలీలో ఏం పోయిందో చూడలేదు. చూడదలచుకోలేదు.

డ్రైవర్ మరునాడు పనికి రాలేదు. తర్వాత ఎన్నడూ కనిపించలేదు. అతను ఎక్కడైనా ఎవరికైనా చెబుతాడేమోనన్న భయం మాత్రం నాతో ఉండిపోయింది.

ఎందుకు చేశావని మీరు అడుగుతారు. నన్ను నేను అడిగినప్పుడు చాలాకాలం ఒక జవాబు చెప్పుకున్నాను. పడవ దొరికిందని తెలిస్తే సర్కారు వస్తుంది, బోర్డు పెడుతుంది, కంచె వేస్తుంది, నీళ్లు తగ్గినప్పుడు మేం దున్నుకునే ముంపు భూమిలోకి రానివ్వదు. ఒకసారి ఊరు పోగొట్టుకున్నవాళ్లం, రెండోసారి పోగొట్టుకోవాలా? బాగుంది కదా? నేనూ నమ్మాను, సుమారుగా. కానీ అక్షరాలు చూడకముందు నాకు ఆ భూమి గుర్తే రాలేదు. అక్షరాలు చూశాకే గుర్తొచ్చింది. పేరు కోసం చేశాను. చచ్చిపోయిన మనిషి పేరు కోసం, బతికి ఉన్న నా పేరు కోసం.

రెండు రోజులకు మేడం వచ్చారు. తవ్విన గుంట, చక్రాల జాడలు చూశారు. మట్టిపెళ్ల పక్కన వంగి, ముట్టుకోకుండా చూపించారు. వంచి కొట్టిన చీల ఒకటి, తుప్పు పట్టి. పడవ చీల ఇది, ఇక్కడ ఏమైనా తగిలిందా అని అడిగారు. పాత మొద్దులు తగిలాయి, అంతే అన్నాను. చీల వరదకు కొట్టుకొచ్చి ఉంటుందన్నాను. ఆమె నన్ను చూశారు. అంత సూటిగా నన్నెవరూ చూడలేదు. ఫోటో తీసుకుని వెళ్లిపోయారు.

ఆమెను దాటగలిగాను. ఆ సాయంత్రం లస్మవ్వ వచ్చింది. కర్ర పట్టుకుని, నెర్రెల్లో కాలు పడకుండా మెల్లగా నడుచుకుంటూ రేవు దగ్గరికి వచ్చింది. అప్పటికే ఆమె ముసలిది.

“పటేలా, రేవు కాడ తవ్వుతున్నవంట. ఏమన్న ఎల్లిందా?”

“ఏం ఎల్లలే అవ్వా. ఉత్త మట్టే.”

“పలక గిట్ల? కర్ర గిట్ల?”

“ఏం లే.”

ఆమె కింది మెట్టు మీద కూర్చుంది. మట్టి వైపు చూస్తూ, నాతో కాదన్నట్టు మాట్లాడింది. ఆ మాటలు నాకు ఇప్పటికీ ఒక్కటి తప్పకుండా గుర్తున్నాయి.

“మా అవ్వ సచ్చేదాక బొట్టు తీయలే బిడ్డా. మొగడు ఉన్నడో లేడో ఎర్కలేకపాయె. పెట్టుకుంటే ఊరు నవ్వె. తీద్దమంటే మనసు ఒప్పకపాయె. నేనన్న తెలుసుకుందమని నీళ్లు తగ్గినప్పుడల్ల గీడికి వస్త. బాపు నీళ్లల్లనే ఉన్నడని ఎర్కైతే కూసుండి ఏడుస్త. ఒడ్డెక్కి పోయిండని ఎర్కైతే దుమ్మెత్తిపోస్త. రెండిట్ల ఏది జేయాల్నో తెల్వకనే గింత ముసల్దాన్నైన.”

నేను ఏమన్నానో వినండి.

“గవన్ని ఇప్పుడెందుకు అవ్వా. పొద్దు గూకుతున్నది, ఇంటికి పో.”

అంతే. కొంగు తల మీదికి లాక్కుని వెళ్లిపోయింది. వెళ్తూ వెళ్తూ, “నీకు మంచిగుండాలె బిడ్డా, నాతోని మంచిగ మాట్లాడినవ్,” అంది.

ఆ ఏడు వానలు బాగా పడ్డాయి. రేవు మునిగిన రోజు నేను బోధన్‌లో మిఠాయి కొని ఇంటికి తెచ్చాను. నా భార్య ఏమిటీ సంతోషం అంది. ప్రాజెక్టు నిండింది అన్నాను. ఆ రాత్రి నిద్ర పట్టిందనుకున్నారా? నీళ్లు రేవును కప్పాయి, పసుపు చేనును ఏం కప్పుతుంది?

పసుపు తవ్వే రోజులు వచ్చాయి. కూలీల్లో లస్మవ్వ ఉంది. వద్దని ఎలా చెప్పను? ఏమని చెప్పను? ఆమె గుద్దలి మట్టిలో పడ్డ ప్రతిసారీ నా కడుపులో పడ్డట్టుండేది. కొమ్ములు ఏరి మట్టి దులుపుతుంటే ఆమె వేళ్లనే చూస్తూ నిలబడేవాడిని. ఏదైనా గట్టిగా తగిలి ఆగితే, రాయో ఏమిటో చూడటానికి ఆమె వంగితే, నేనూ రెండడుగులు ముందుకు వేసేవాడిని. రాయే. ప్రతిసారీ రాయే. పటేల్ ఎందుకు చేను వదలట్లేదని కూలీలు గుసగుసలాడుకున్నారు. ఒళ్లు దగ్గర పెట్టుకుని పనిచేయాలని నేను భయపెడుతున్నాననుకున్నారు. భయపడుతున్నది ఎవరో వాళ్లకేం తెలుసు.

ఆ చేను పసుపు మా వంటింట్లో ఉంది. ఆ పసుపే మా కోడలి మెడలో తాడుకు పూశారు. నేను పక్కన నిలబడి అక్షింతలు వేశాను. ఎవరికి భయపడుతున్నాను నేను? పోలీసులకా? తాతకా? ఆ మట్టికా? చాలాసార్లు అడిగాను. ఒక్కోసారి ఒక్కో జవాబు వస్తుంది. అన్ని జవాబుల వెనకా ఆ ముసలామె మెట్టు మీద కూర్చున్నట్టే కనపడుతుంది.

తర్వాతి ఏళ్లలో లస్మవ్వ కూలికి రావడం మానేసింది. బోధన్‌లో ఆటో నడుపుకునే మనవడి దగ్గరికి పోయింది. నా కళ్ల ముందు లేకపోతే భయం తగ్గుతుందనుకున్నాను. ఆమె ఊళ్లో లేకపోయినా, ప్రతి ఏడూ ఎండాకాలం వస్తూనే ఉంది, దానితో భయమూ.

ఈ ఏడు జరిగింది చెబుతాను. సుజాత మేడం రిటైరయ్యారు. మునిగిన ఊరి ఫోటోలన్నీ పెద్దవి చేయించి, పెద్దవాళ్ల నోట విన్న సంగతులు కింద రాసి, మా బడిలో పెట్టాలని వచ్చారు. పిల్లలకు తెలియాలని. రేవు ఫోటో కింద పడవ కథ పెట్టాలి. బతికి ఒడ్డెక్కిన మనిషి మనవడిని కాబట్టి ఆ కథ నా నోట చెప్పించి ఫోన్లో రికార్డు చేస్తామన్నారు. మా ఇంటి వరండాలో నా ఎదురుగా కూర్చున్నారు. ఫోన్ బల్ల మీద పెట్టారు. ఎర్ర చుక్క వెలిగింది.

“మీ తాతగారు ఏం చెప్పేవారో అదే చెప్పండి,” అన్నారు.

పోశెట్టి తాగిండు అని మొదలుపెట్టాలి. ఊరంతా అనే మాటే. నా నోట రాలేదు. ఇప్పటిదాకా అది గాలి మాట. ఇక బడి గోడ మీద ఉంటుంది, నా మనవరాలు అక్షరాలు కూడబలుక్కుని చదువుతుంది. నీళ్లు తాగాను. మళ్లీ మొదలుపెట్టాను. ఈసారి వచ్చింది వేరే మాట.

“మేడం, పడవ దొరికింది.”

మొత్తం చెప్పాను. ఆమె మధ్యలో ఒక్కసారీ ఆపలేదు. అయిపోయాక ఫోన్ ఆపారు. ఆమె కళ్లల్లో నీళ్లు. ఆ నీళ్లు నా కోసం కాదు.

“నేను మీరు చెప్పింది చెప్పినట్టు రాస్తా,” అన్నారు. “కానీ ఇప్పుడు అది మీ మాట మాత్రమే. చూపించడానికి ఆ చీల ఫోటో తప్ప ఏమీ లేదు. ఏమీ లేకుండా చేసింది మీరే. ముందు ఆమెకు చెప్పి రండి. ఆమె వద్దంటే నేను రాయను.”

మా అన్నకు చెప్పాను. అన్న లేచి తలుపు మూశాడు. “పిచ్చిలేసిందారా నీకు? ఎవరు నమ్ముతరు? ఏముంది రుజువు? తాత పేరు తీస్తే నాకు తమ్ముడు లేడనుకుంట,” అన్నాడు. ఆ మాట అన్న తర్వాత ఇప్పటిదాకా ఫోన్ ఎత్తలేదు. నేను ఏం చెప్పినా ముసలితనపు భ్రమ అనుకోండని ముందుగానే ఊళ్లో అంటున్నాడట. సగం ఊరు ఆయన మాటే నమ్ముతోంది. తాత మాటను నమ్మినట్టే.

బోధన్ పోయాను. లస్మవ్వ మనవడి ఇల్లు వెతుక్కుని పోయాను. గల్లీ మొదట్లో కారు ఆపి చాలాసేపు దిగలేదు. దిగితే ఏమవుతుంది? మనవడు కొడతాడా? కొట్టినా బాగుండునని ఒక మనసు. తిరిగి పోదామని ఇంకో మనసు. చివరికి దిగాను. ధైర్యం వచ్చి దిగలేదు. తిరిగి ఇంటికి పోతే మళ్లీ ఎండాకాలం వస్తుందని దిగాను.

లస్మవ్వ నులక మంచం మీద గోడకు ఆనుకుని ఉంది. చూపు ఆనడం లేదు. గొంతు విని గుర్తుపట్టింది. మనవడు కుర్చీ వేశాడు. కూర్చోలేదు. మంచం పక్కన నేల మీద కూర్చుని చెప్పాను. గానుగ సంగతి చెప్పాను. తాత సంగతి చెప్పాను. తాళంచెవి నేనే తిప్పానని చెప్పాను. పసుపు చేను సంగతి సగంలో ఆపేశాను. మళ్లీ మొదటినుంచి చెప్పాను.

మనవడు లేచి నిలబడ్డాడు. ఆమె చేయి ఎత్తి ఆపింది.

ఆమె పెదవులు కదిలాయి. “బాపు పోలే,” అని తనలో తాను అనుకుంది. “పోలే. గీడనే ఉండె.” కొంగు నోట్లో కుక్కుకుంది. ఆ వయసు మనిషి, చంటిపిల్ల ఏడ్చినట్టు ఏడ్చింది. మనవడు ఆమె భుజం పట్టుకుని నన్ను చూస్తున్నాడు. నేను నేలను చూస్తున్నాను.

ఏడుపు ఆగాక నా వైపు తల తిప్పింది.

“తల ఎటు దిక్కు ఉండె బిడ్డా?”

నాకు అర్థం కాలేదు.

“మా బాపు తల. ఒడ్డు దిక్కు ఉండెనా, నీళ్ల దిక్కు ఉండెనా? చెయ్యి దేన్నన్న పట్టుకొని ఉండెనా? ఎల్లెలకల ఉండెనా, బోర్ల ఉండెనా?”

ఆమె కన్నీళ్లు తుడుచుకోకుండా నా జవాబు కోసం ఎదురుచూస్తోంది. ఒక అబద్ధం చెబితే సరిపోయేది. ఒడ్డు దిక్కే అవ్వా, ఇంటి దిక్కే చూస్తున్నడు అని చెబితే సరిపోయేది. అబద్ధం నాకు కొత్త కాదు. నాలుక దాకా వచ్చింది కూడా.

“నేను సూడలే అవ్వా,” అన్నాను. “మొహం తిప్పుకున్న.”

ఆమె తల ఆడించింది. నన్ను తిట్టలేదు. మన్నించానని అనలేదు. గోడ వైపు తిరిగి పడుకుంది. కాసేపటికి, నిద్రలోకి జారుకుంటున్న మనిషి గొంతుతో ఒక్క మాట అంది.

“సూడాల్సి ఉండె బిడ్డా.”

మనవడు తలుపు తీసి పట్టుకున్నాడు. నేను బయటికి వచ్చాను.

అది జరిగి కొన్ని రోజులైంది. మేడం రాసుకోవచ్చని లస్మవ్వ మనవడితో కబురు పంపింది. నాకు మాత్రం ఏ కబురూ లేదు. ఉంటుందని నేను అనుకోవడం లేదు. రాత్రి నిద్ర పడుతోందా అంటే లేదు. ఫోన్ మోగితే ఇంకా ఉలిక్కిపడుతున్నాను. కానీ ఈ పూట ఇక్కడ కూర్చుని, పడవను నేనే పగలగొట్టాను, నేనే మొహం తిప్పుకున్నాను అని రాశాను. గొంతులో అడ్డం ఉన్న చోట నొప్పి ఉంది. మాట మాత్రం లేదు.